పలకకూడని పేరు

పోయినవారం యోబును మనం ఎంత ఇరకాటంలో వదిలేసి వచ్చాం! పాపం, వారం రోజులుగా ఆ తుంగచాప మీద అలాగే కూర్చుని ఉన్నాడు, కుడిమోకాలు రెండు చేతులతో పట్టుకుని. ఎదురుగా మట్టిముంత. ముంతలోంచి తీసిన చీటీ పంతులమ్మ రూతమ్మ చేతిలో ఉంది. "ఇవాళ యోబుగారి పుట చదివేది వెంకటనరసమ్మ" అని ఆవిడ అనడమూ, యోబు ముఖంలో నెత్తురు ఇంకిపోవడమూ ఒక్కసారే జరిగాయి.

ఇవాళే కొత్తగా మన కథలోకి వచ్చినవాళ్ళకి ఆ ముంత సంగతి చెప్పాలి. కొల్లేటి ఒడ్డున చినగొట్టిలంక గ్రంథాలయం అంటే మేడలూ మిద్దెలూ ఊహించుకోకండి. ఒక తాటాకుల పాక, ఏలూరు నుంచి పడవలో వచ్చిన పుస్తకాల పెట్టె, గోడకి అక్షరాల పటం. ఆదివారం మధ్యాహ్నాలు పొలం పనివాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళూ, వాళ్ళ ఆడవాళ్ళూ వచ్చి చదువు నేర్చుకుంటారు. అందరూ తల నెరిసినవాళ్ళే, లేదా నెరవబోతున్నవాళ్ళు. చేరేవాళ్ళు తమదంటూ ఒక వస్తువు తెచ్చి గ్రంథాలయానికి ఇవ్వాలి. అదే చందా. వెంకటనరసమ్మ ఈ తుంగచాప అల్లి తెచ్చింది. యోబు తన కర్ర తెచ్చాడు.

అలాంటి ఇలాంటి కర్ర కాదది. ఇరవై ఏళ్ళు నూనె తాగిన వెదురు, రెండు కొసలా ఇత్తడి పొన్నులు. ఆ పొలాల ఆసామి బాపిరాజుగారి మనిషిగా యోబు పొలాల మీదా గట్ల మీదా తిరిగిన రోజుల్లో ఎందరి వీపులో చూసిన కర్ర. దాన్ని రూతమ్మ చేతిలో పెట్టి, "ఇక దీన్ని ముట్టనండి. ఎవరి మీదా చెయ్యెత్తనండి" అని అందరి ముందూ మాటిచ్చాడు. అప్పట్నించి ఆవిడ ఆ కర్రతోనే పటం మీద అక్షరాలు చూపిస్తోంది.

ఇక ఎర్రట్ట పుస్తకం. వాచకం పూర్తిచేసినవాళ్ళెవరైనా అందులో ఒక పుట సొంతంగా రాయాలి. ఎవరిష్టం వచ్చింది వాళ్ళు. మంత్రసాని వరమ్మ తను పోసిన పురుళ్ళ గురించి రాసింది. ముసలి ఎలీయాజరు తన గేదె చచ్చిపోయిన సంగతి రాసి, చదువుతుంటే విని తనే ఏడ్చాడు. ఇన్నాళ్ళూ ఆ పుటలు రూతమ్మే చదివి వినిపించేది. తప్పు చేసినవాడు చర్చిలో ముందు పెద్దల చెవిన వేసినట్టు, ఈ పుటా ముందు పంతులమ్మ ఒక్కతే చూస్తుంది, ఆవిడ ఏం చెయ్యమంటే అది చేద్దాం అనుకున్నాడు యోబు. అనుకుని, ఆరేళ్ళుగా గొంతులో అడ్డంపడ్డదాన్ని కాగితం మీద కక్కేశాడు. ఆవిడేమో ఆ వారమే పద్ధతి మార్చింది. "ఇక నేను చదవను. ఒకరి పుట ఒకరు చదవండి. చీటీ ఎవరికొస్తే వాళ్ళు" అంది.

చదివేది రేవులో పడవవాడో, వరమ్మో అయితే చావు తప్పి బయటపడేవాడేమో. వచ్చింది వెంకటనరసమ్మకి.

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. నలభై ఏళ్ళ మనిషి. ఆరేళ్ళ కిందట మొగుడు కొల్లేట్లో మునిగి పోయాడన్నారు. దోనె తిరగబడిందన్నారు. 'ఈతరాని మనిషా నా పెనిమిటి?' అని ఊరంతా తిరిగి అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు తెలిసినవాడు ఇవాళ ఆమె అల్లిన చాప మీదే, ఆమెకి బారెడు దూరంలో కూర్చున్నాడు. మొదటి నెలంతా మాలపల్లి మనిషి కూర్చున్నాడని చాప అంచు మీదకి జరిగి కూర్చునేది. ఆ తరవాత ఏమనుకుందో, ఒకరోజు ఉన్నట్టుండి, "పలకబలపం ఇలా ఇయ్యన్నయ్యా" అంది. ఆ 'అన్నయ్య' విన్న రోజునే యోబు ఆ పుట రాయాలనుకున్నాడు.

"నే... ను... యోబును" అంటూ మొదలుపెట్టింది వెంకటనరసమ్మ. వేలితో అక్షరం అక్షరం ముట్టుకుంటూ చదువుతోంది. "ఈ అక్షరాలు నావే."

"బాగుందమ్మా. కానీ" అంది రూతమ్మ.

"ఆరేళ్ళ... కిందట... బాపిరాజుగారి గట్టు మీద... నేను ఒక మనిషిని... కర్రతో కొట్టాను."

చాప మీద పదకొండుమందీ యోబు వైపు తిరిగారు. అతను తలెత్తలేదు.

"ఆ మనిషి... గట్టు తెగ్గొట్టడానికి రాలేదు. మురుగు పోవడానికి... తూము పెట్టమని... అడగడానికి వచ్చాడు. ఆ మనిషి పేరు..."

ఆగిపోయింది. వేలు ఆ మాట మీదే ఉంది. కిందకీ పోదు, పక్కకీ పోదు.

"కూడబలుక్కోమ్మా" అంది రూతమ్మ మెల్లగా. "ఏ అక్షరం రాలేదు?"

"అక్షరాలన్నీ వచ్చినవేనండి."

"మరి?"

"ఈ మాట నేను పలకకూడదండి."

రూతమ్మకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది గానీ, అక్కడున్న ఆడవాళ్ళకి అదీ పట్టలేదు. వరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ సీమలో ఇల్లాలు పలకకూడని మాట లోకం మొత్తం మీద ఒక్కటే. కట్టుకున్నవాడి పేరు. చచ్చిపోయినా సరే పలకదు. వెంకటనరసమ్మ గ్రంథాలయంలో చేరిన కొత్తలో పంతులమ్మని రహస్యంగా అడిగింది కూడా, "పలకకుండా రాస్తే తప్పు లేదు కదండీ?" అని. తప్పు లేదని ఆవిడ అనేసరికి మురిసిపోయి, తన పేరు కంటే ముందు ఆ పేరే దిద్దుకుంది. రోజుకి వందసార్లు దిద్దుకున్న ఆ మాటని కళ్ళు మూసుకున్నా గుర్తుపడుతుంది.

ఆమె ఏడవలేదు. యోబు వైపు తిరిగి, నెమ్మదిగా, మర్యాదగా అడిగింది.

"ఈ పేరు గలవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా ఉంటారు కదన్నయ్యా?"

యోబు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకముందే రేవు దగ్గర పడవ గుద్దుకున్న చప్పుడైంది. తరవాత నవ్వులు. తరవాత కిర్రుచెప్పుల చప్పుడు.

ఇక్కడ యోబు చేసిన రెండో తెలివితక్కువ పని చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. మొదటిది రాయడం. రెండోది, రాశానని వెళ్ళి బాపిరాజుగారికే చెప్పడం. అవునండీ, శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, ఆయన అరుగు కింద కూర్చుని, "తమరి పేరు కూడా రాశానండి" అని విన్నవించుకుని వచ్చాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

వచ్చినవాడు బాపిరాజుగారి మేనల్లుడు వెంకట్రాజు. పాతికేళ్ళ పైచిలుకు, పట్టు కండువా. వెనక అయిదుగురు మనుషులు, చేతుల్లో కర్రలు. అయిదుగురికీ కర్ర పట్టడం నేర్పింది యోబే. వాళ్ళలో చివరివాడు నాంచారయ్య, వెంకటనరసమ్మకి సొంత మరిది. అన్న పోయాక దోనె అమ్ముకుని రాజులవారి దగ్గర పనికి కుదిరాడు. వదిన్ని చూసి తల వంచుకున్నాడు. తెరిచిన తలుపులోంచి పది అడుగుల దూరంలో పడవ కనిపిస్తోంది. బాతుల వేటకని బయల్దేరినట్టున్నారు, పడవ ముక్కున తుపాకీ ఆనించి ఉంది.

"ఏవమ్మా పంతులమ్మా! చదువులు బాగా సాగుతున్నాయా?" అన్నాడు వెంకట్రాజు.

"సాగుతున్నాయండి. చెప్పులు బయట విడిచి వస్తే మీరూ కూర్చోవచ్చండి" అంది రూతమ్మ. తాడేపల్లిగూడెంలో చదువుకుని వచ్చిన మనిషి, గొంతు పెంచడం ఎరగదు.

అతను చెప్పులతోనే చాప మీదకి వచ్చాడు. "మాకు చదువొద్దు గానీ, ఆ ఎర్రట్ట పుస్తకం ఇలా ఇప్పించు. మావయ్య ఓసారి చూస్తానన్నారు."

"ఇంటికి పట్టుకెళ్ళాలంటే సభ్యులై ఉండాలండి. ఇక్కడ కూర్చుని చదువుకోవడానికి అభ్యంతరం లేదు."

వెనక ఎవడో కిసుక్కున నవ్వి, వెంకట్రాజు చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

"ఒరే యోబూ, నువ్వు చెప్పరా. శుక్రవారం మావయ్య దగ్గర ఏం కూశావో వీళ్ళకి చెప్పు."

యోబు లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ చేతులు కట్టుకున్నాడు. "ఆయ్, రాశానని చెప్పానండి. తమరి ఉప్పు తిన్నవాణ్ణి. తమరికి తెలియకుండా తమరి పేరు రాయడం న్యాయం కాదనిపించిందండి."

"విన్నారా? ఎంత బుద్ధిమంతుడో! అందుకే ఇంకా బతికున్నాడు" అని నవ్వాడు వెంకట్రాజు. "ఆ బుద్ధితోటే పుస్తకం కూడా తెచ్చి నా చేతిలో పెట్టు. ఎవరి కొంపకి వాళ్ళు పోదాం."

పుస్తకం వెంకటనరసమ్మ ఒళ్ళో ఉంది. చెంగు కప్పి గుండెకి అదుముకుంది. యోబు చెయ్యి చాపితే అందుతుంది.

నిజం చెప్పాలి కదా! ఆ క్షణాన యోబు మనసు ఊగింది. ఇచ్చేస్తే ఏం పోయింది? పుట చిరిగిపోతుంది, నీళ్ళలో కలిసిపోతుంది. ఆమె అడిగిన ప్రశ్నకి, 'అవునమ్మా, ఆ పేరువాళ్ళు చాలామంది ఉన్నారు' అనేస్తే సరి. మళ్ళీ ఆదివారం వచ్చి ఈ చాప మీదే కూర్చోవచ్చు. మళ్ళీ 'అన్నయ్యా' అనిపించుకోవచ్చు. ఉరికంబం ఉండదు, ఊరి ఛీత్కారం ఉండదు. "ఇచ్చెయ్యమ్మా" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

వెంకటనరసమ్మ అతని ముఖంలోకే చూస్తోంది. కర్రలవాళ్ళని చూడటం లేదు, వెంకట్రాజుని చూడటం లేదు. అడిగిన ప్రశ్నకి జవాబు కోసం చూస్తోంది.

"ఆ పుస్తకం ఇవ్వడానికి నాది కాదండి" అన్నాడు యోబు. "రాసినంతవరకే నాది. ఇవాళ అది చదివే మనిషిది."

వెంకట్రాజు తల ఊపాడు. అంతే, పాకలో ప్రళయం వచ్చింది.

ముందు పుస్తకాల పెట్టెని తన్నారు. మూత ఊడి పుస్తకాలు నేల మీద పడ్డాయి. ఇద్దరు వాటిని ఒళ్ళలో నింపుకుని రేవులోకి విసిరారు. అక్షరాల పటం పరపరా చింపారు. అడ్డం వెళ్ళిన రూతమ్మ జుట్టు పట్టుకుని ఒకడు రాటకేసి కొట్టాడు. నుదురు చిట్లి కళ్ళలోకి నెత్తురు కారింది. అయినా ఆవిడ వాడి చెయ్యి వదల్లేదు. "అవి పిల్లలు చదివేవి కాదండీ, పెద్దవాళ్ళు కష్టపడి తెచ్చుకున్నవి, వద్దండీ" అంటూనే ఉంది. రెండోసారి కొట్టాక మాట ఆగింది. ముసలి ఎలీయాజరు పలక ఎత్తి వాడి మీదకి వెళ్ళాడు. కర్ర అతని ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పాకలో అందరికీ వినబడింది. ముసలాడు అరవలేదు, పిల్లాడిలా నేల మీద చతికిలబడి వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

యోబు గోడ వైపు చూశాడు. పటం కింద గోడకి ఆనించి అతని కర్ర ఉంది. మూడంగల దూరం. ఆ అయిదుగురినీ పడుకోబెట్టడానికి అతనికి వక్క నమిలినంతసేపు చాలు. యాభై ఏళ్ళొచ్చినా చాలు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, అందుకే ఎవడూ అతని దగ్గరకి రావడం లేదు.

కర్ర అందుకున్నది వెంకట్రాజు.

"ఇది మా మావయ్య కొనిచ్చిన కర్ర కదరా! దీంతో అక్షరాలు చూపిస్తున్నారా?" అని పొన్ను పట్టుకు చూశాడు. "నాంచారీ, వీడి రెక్కలు పట్టుకో."

నాంచారయ్య వచ్చి యోబు చేతులు వెనక్కి విరిచాడు. "వదిలించుకోకండి మావా, నాకు దెబ్బలు పడతాయి" అన్నాడు చెవిలో, ఏడుపు గొంతుతో. యోబు వదిలించుకోలేదు. ఎవరి మీదా చెయ్యెత్తనన్నాడు, ఎత్తలేదు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది పక్కటెముకల మీద. మూడోది మోకాలి చిప్ప మీద. ఒక్కొక్క దెబ్బా ఎక్కడ పడబోతోందో యోబుకి ముందే తెలుస్తోంది. ఆ వరస తను నేర్పిందే, ఆ వరసలోనే ఆరేళ్ళ కిందట గట్టు మీద తనూ కొట్టాడు. భుజం, పక్క, మోకాలు. మోకాలు విరిగితే మనిషి వంగుతాడు. వంగితే తల అందుతుంది. ఇన్నేళ్ళూ కొట్టిన చెయ్యికి తెలియనిది ఇప్పుడు తగులుతున్న ఒంటికి తెలిసింది. ఆ రోజు గట్టు మీద ఆ మనిషికీ ఇలాగే ఉండి ఉంటుంది. నోట్లో ఉప్పగా నెత్తురు ఊరి, వంగి చాప మీద ఉమ్మాడు. ఆమె అల్లిన చాప కదా అని ఆ స్థితిలోనూ బాధపడ్డాడు.

"చెప్పరా! అది రాయించింది పంతులమ్మేనని చెప్పు. అబద్ధమని చెప్పు!"

"రాసింది నేనేనండి. నిజవేనండి."

కర్ర లేచింది. ఈసారి తల.

"ఆ మనిషి పేరు!"

ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. వెంకటనరసమ్మ లేచి నిలబడి ఉంది. చెంగు జారిపోయింది, కొప్పు ఊడిపోయింది. పుస్తకం ముఖానికి ఎత్తిపట్టుకుంది. పురుగు పాకినట్టు చదివే మనిషి, రేవులోంచి పడవలవాళ్ళని కేకేసినట్టు చదువుతోంది.

"ఆ మనిషి పేరు..."

"దాని చేతిలో పుస్తకం లాక్కోండ్రా!" అని అరిచాడు వెంకట్రాజు. "దానికి చదువొచ్చేది చచ్చేది లేదు, ఊరికే..."

"తిరపతయ్య!"

పలికేసింది. పెళ్ళయిన నాటినుంచీ ఇరవై నాలుగేళ్ళు, అతను బతికున్నప్పుడు గానీ, పోయి ఆరేళ్ళయినా గానీ, నోట్లోంచి రాని పేరు. వరమ్మ "అమ్మో" అంది. నాంచారయ్య చేతులు యోబు రెక్కల మీద వదులయ్యాయి. వదిన నోట అన్న పేరు వినడం అతనికి ఇదే మొదలు.

"తిరపతయ్య! మా ఆయన తిరపతయ్య!" అని మళ్ళీ అంది. ఇంక ఆగలేదు, కింద వాక్యాలు చదువుతూ పోయింది. "కొట్టమన్నది బాపిరాజుగారు. పక్కన నిలబడి చూసింది వెంకట్రాజుగారు. దోనె తిరగబడి మునిగిపోయాడని ఊళ్ళో చెప్పింది మేమే."

బయట గూడకొంగల రెక్కల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పుస్తకం లాక్కోవడానికి వెళ్ళినవాడు చాపిన చెయ్యి చాపినట్టే నిలబడిపోయాడు. ఊళ్ళో అందరికీ తిరపతయ్య తెలుసు. ఆ చెయ్యి చాపినవాడు కూడా అతని దోనెలో తిరిగినవాడే.

నాంచారయ్య యోబును వదిలేశాడు. వెంకట్రాజు దగ్గరకి వెళ్ళి, అతని చేతిలో కర్ర పట్టుకున్నాడు. లాగలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"బాబుగారూ, అన్న శవం మీద మొదటి గుప్పెడు మట్టి తమరేనండి వేసింది" అన్నాడు.

"వదలరా! నీకేం తెలుసు, వీళ్ళంతా కలిసి..."

"అన్న మునిగిపోయాడని నాకు చెప్పింది కూడా తమరేనండి. అన్నం పెట్టి, భుజం తట్టి, పనిలోకి తీసుకున్నది కూడా తమరేనండి."

అప్పటిదాకా అండి అండి అన్నవాడు ఒక్క గుంజు గుంజేసరికి కర్ర అతని చేతిలోకి వచ్చేసింది. వెనక్కి తిప్పి పొన్నుతో వెంకట్రాజు దవడ మీద ఒక్కటిచ్చాడు. పళ్ళు రాలాయి. పట్టు కండువా నిండా నెత్తురు. మిగతా నలుగురిలో ఒక్కడు కూడా ముందుకి రాలేదు. వెంకట్రాజు గుమ్మం పట్టుకుని, తూలుతూ బయటకి పోయాడు. పోతే పోయాడని ఎవరూ చూడలేదు, చూడవలసినది. అందరి కళ్ళూ మోకాలి మీద కూలబడ్డ యోబు మీదే ఉన్నాయి. నాంచారయ్య కర్ర తిప్పుకుని అతని వైపు వచ్చాడు.

"ఆగు నాంచారయ్యా" అంది వెంకటనరసమ్మ. "ఇంకా ఉంది."

అవును, ఉంది. అడుగున రెండు వాక్యాలు. అవి రాయడానికి యోబుకి మూడు ఆదివారాలు పట్టింది.

ఈసారి ఆమె మళ్ళీ మెల్లగా, వేలితో ముట్టుకుంటూ చదివింది. "నీళ్ళలో... వేసేటప్పటికి... ఆ మనిషికి... ఊపిరి ఉంది. ఆ సంగతి... నాకు తెలుసు."

పుస్తకం మూసి ఎడం చంకలో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోవడం లేదు.

"ఒడ్డున పడేసి పోయినా బతికేవాడు" అంది. "వరమ్మత్త ఇల్లు అక్కడికి కేకవేటు దూరం. ఒక్క కేక వేసి పోవాల్సింది అన్నయ్యా."

ఆ 'అన్నయ్య' వెంకట్రాజు కొట్టిన దెబ్బలన్నిటికంటే లోతుగా దిగింది. "వెయ్యలేదమ్మా. భయపడ్డాను" అన్నాడు యోబు.

ఆమె చెయ్యి చాపింది. నాంచారయ్య మారుమాట లేకుండా కర్ర ఇచ్చాడు.

"వద్దమ్మా నరసమ్మా!" అని రాట దగ్గర్నుంచి రూతమ్మ గొణిగింది. నెత్తురు కళ్ళలో పడి ఆవిడకి ఏమీ కనిపించడం లేదు.

యోబు తలపాగా విప్పి పక్కన పెట్టాడు. తల వంచాడు. కర్ర ఎలా పట్టుకోవాలో కూడా ఆమెకి తెలియదు, రోకలి పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇలా కొడితే రెండు మూడు దెబ్బలు పడతాయేమో, పోనీ, పడనీ అనుకున్నాడు. ఆరేళ్ళుగా తెలియని నిబ్బరం ఒకటి మనసులోకి వచ్చింది. ఆఖరిసారి ఆమె ముఖం చూద్దామని తలెత్తాడు.

ఆమె ముఖం కాదు, ఆమె భుజం పక్కగా తెరిచిన తలుపు కనిపించింది. తలుపులోంచి రేవు. రేవులో పడవ. పడవలో ఒంటికాలి మీద మోకరించి, నెత్తురు కారే దవడ తుపాకీ మడమకి ఆనించి వెంకట్రాజు. గొట్టం సూటిగా వెంకటనరసమ్మ వీపు మీదకి ఉంది. ఎడం చంకలో పుస్తకం ఉన్నచోటికి.

"అమ్మా, పక్కకి!" అని అరిచాడు యోబు.

ప్రాణభయంతో అరిచాడనుకుంది ఆమె. పళ్ళు బిగబట్టి కర్ర పైకెత్తింది.

ఆరునెలలుగా నిలబెట్టుకున్న మాటని యోబు అప్పుడు తప్పాడు. రెండు చేతులూ ఎత్తాడు. విరిగిన మోకాలి మీద లేచి, పడే కర్ర కిందనుంచే ఆమె మీదకి దూకాడు. తన వదిన మీద పడుతున్నాడనుకుని నాంచారయ్య అతని మీదకి ఉరికాడు. వరమ్మ కెవ్వుమంది.

తుపాకీ పేలింది. రేవులో గూడకొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి.

యోబూ, వెంకటనరసమ్మా కలిసి చాప మీద పడ్డారు. పొగ తేలిపోయేసరికి ఇద్దరిలో ఒక్కరే లేచి కూర్చున్నారు. ఎర్రట్ట పుస్తకం ఆ మనిషి చేతిలో ఉంది. ఆ మనిషి ఎవరో వచ్చేవారం చెబుతాను.